బోర్డు ఒప్పుకున్నంతవరకు

1981 ఆగస్టు 12న ఐబీఎం న్యూయార్క్‌లో తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించింది. మోడల్ నంబరు 5150, ప్రారంభ ధర 1,565 డాలర్లు. ఆ ధరకు దక్కేది 16 కిలోబైట్ల మెమరీ మాత్రమే. డిస్క్ డ్రైవ్ కూడా విడిగా కొనుక్కోవాల్సిందే. అయితే పెట్టె మూత తీసి చూసినవాళ్లకు అసలు విశేషం కనిపించేది. ఇంటెల్ 8088 ప్రాసెసర్ పక్కనే నలభై కాళ్ల సాకెట్ ఒకటి ఖాళీగా ఉండేది. దశాంశాల లెక్కలు వేగంగా చేసే 8087 చిప్ కోసం వదిలిన చోటు అది. మెమరీకి నాలుగు వరసలుంటే, మొదటి వరసలోని తొమ్మిది చిప్‌లను మాత్రమే బోర్డుకు సోల్డర్ చేశారు. మిగతా మూడు వరసల్లోని 27 సాకెట్లూ ఖాళీయే. వరసకు ఎనిమిది చిప్‌లు డేటాకు, తొమ్మిదోది తప్పు దొర్లితే పట్టుకునే పారిటీకి.

కంప్యూటర్ కొన్నాక దాన్ని విప్పి లోపల ఇంకాస్త చేర్చుకోవడం అనే అలవాటును ఈ ఖాళీలే జనంలోకి తెచ్చాయి. టీవీకి గానీ రేడియోకి గానీ యజమాని ఇలా చేసేవాడు కాదు. పర్సనల్ కంప్యూటర్ మాత్రం సగం ఖాళీగానే ఇంటికి వచ్చింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు తొమ్మిది చిప్‌లు కొని, కాళ్లు వంగకుండా సాకెట్లలో కూర్చోబెడితే ఇంకో 16 కిలోబైట్లు వచ్చేవి. అవి కుదురుగా కూర్చునేవి కావు. యంత్రం వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కే క్రమంలో చిప్‌లు వెంట్రుకవాసి చొప్పున సాకెట్ లోంచి పైకి లేచేవి. కొన్నాళ్లకు కంప్యూటర్ మొరాయిస్తే మూత తీసి, ఒక్కో చిప్‌నూ బొటనవేలితో లోపలికి నొక్కడం ఆనాటి రిపేరు పనుల్లో మొదటిది.

పాతబడ్డ గేమింగ్ కంప్యూటర్‌కు ఏ ప్రాసెసర్ వేయాలి, ఎంత ర్యామ్ పెట్టాలి అని ఇవాళ ఎవరైనా అడిగితే, మాట వెంటనే చిప్‌ల పోలిక మీదికి మళ్లుతుంది. నలభై ఏళ్ల చరిత్ర చూస్తే అది రెండో ప్రశ్న. ఈ బోర్డు దేన్ని ఒప్పుకుంటుంది అన్నది మొదటిది. ఆ ఒప్పుకోలు ఎన్నేళ్లుంటుందో కొంత ఇంజనీర్లు తేల్చారు, కొంత వ్యాపారులు తేల్చారు, కొన్నిసార్లు కోర్టులు తేల్చాయి.

కోర్టుల కథ ముందు మొదలైంది. ముఖ్యమైన చిప్ ఏదైనా ఒక్క కంపెనీ దగ్గరే దొరకడం ఐబీఎంకు ఇష్టం ఉండేది కాదు. అందువల్ల ఇంటెల్ 1982లో ఏఎండీతో ఒప్పందం చేసుకుని, తన డిజైన్లను ఆ కంపెనీ కూడా తయారుచేసేలా అనుమతించింది. 1985లో 386 వచ్చేసరికి ఇంటెల్ మనసు మార్చుకుంది. ఆ చిప్‌ను ఏఎండీకి ఇవ్వలేదు. వివాదం మధ్యవర్తుల దగ్గరికీ, అక్కడి నుంచి కోర్టులకూ వెళ్లి ఏళ్ల తరబడి నడిచింది. ఈలోగా ఏఎండీ సొంతంగా తయారుచేసిన ఏఎం386ను 1991 మార్చిలో బజారులో పెట్టింది. ఇంటెల్ 386 వేగం 33 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగితే ఇది 40కి వెళ్లింది, పైగా అదే చోట కూర్చునేది. ఒకే బోర్డు, దాని మీద వేయడానికి రెండు కంపెనీల చిప్‌లు: కొనేవాడికి బేరమాడే వీలు వచ్చింది. 386 అన్న అంకె మీద ట్రేడ్‌మార్క్ హక్కు చెల్లదని అదే ఏడాది కోర్టు తేల్చడంతో, ఇంటెల్ తర్వాతి తరానికి 586 అని కాకుండా పెంటియం అని పేరు పెట్టుకుంది.

486 కాలంలో అప్‌గ్రేడ్ అనేది దుకాణంలో పెట్టెలో దొరికే సరుకైంది. 1992లో ఇంటెల్ ఓవర్‌డ్రైవ్ పేరుతో ప్రాసెసర్లను మామూలు కొనుగోలుదారులకే అమ్మడం మొదలుపెట్టింది. వాటిలోని ఉపాయం సులువైనదే. బోర్డు 25 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంటే చిప్ తన లోపల 50లో నడుస్తుంది. బోర్డు మార్చక్కర్లేదు, మెమరీ మార్చక్కర్లేదు. పక్కన చిన్న మీట ఉన్న సాకెట్లు కూడా ఆ రోజుల్లోనే వ్యాపించాయి. మీట ఎత్తితే చిప్ దానంతటదే వదులవుతుంది, కొత్తది పెట్టి దించితే బిగుస్తుంది. అంతకుముందు వందకు పైగా కాళ్లున్న చిప్‌ను బోర్డు విరుగుతుందేమో అన్నంత బలంగా నొక్కాల్సి వచ్చేది. అప్‌గ్రేడ్ మెకానిక్ చేతిలోంచి యజమాని చేతిలోకి రావడానికి ఆ మీట చేసిన మేలు చిన్నది కాదు.

1993 డిసెంబరు 10న డూమ్ అనే ఆట విడుదలైంది. దానికి కనీసం 386 ప్రాసెసర్, 4 మెగాబైట్ల మెమరీ కావాలి. రెండు మెగాబైట్లతో ఉత్తరాలు టైపు చేసుకుంటూ తృప్తిగా ఉన్న ఇళ్లల్లో ఒక్కసారిగా మెమరీ లెక్కలు మొదలయ్యాయి. అయితే అది మెమరీ కొనడానికి మంచి కాలం కాదు. ఆ ఏడాది జూలై 4న జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ కర్మాగారంలో పేలుడు జరిగింది. చిప్‌ల పైతొడుగుకు వాడే ఎపాక్సీ రెజిన్‌లో ప్రపంచానికి కావాల్సిన దాంట్లో సగానికి పైగా ఆ ఒక్క కర్మాగారం నుంచే వచ్చేది. కొద్ది రోజుల్లోనే మెమరీ ధరలు ఆకాశానికి ఎగిశాయి. మెమరీ ధరలు ఎక్కడో దూరాన జరిగే ప్రమాదాలకు ఎంత సులువుగా లొంగుతాయో గేమర్లకు తెలిసిన మొదటి పెద్ద సందర్భం అదే.

కొనడానికి సిద్ధపడ్డా ఇంకో చిక్కు ఉండేది. అప్పటి ముప్ఫై కాళ్ల సిమ్ అనే మెమరీ ముక్క ఒక్కొక్కటి ఒకసారికి 8 బిట్‌లే అందిస్తుంది. 486కు కావాల్సింది 32 బిట్‌లు. కాబట్టి నాలుగేసి ముక్కలు, అవీ ఒకే రకానివి, ఒకేసారి పెట్టాలి. చాలా బోర్డుల్లో ఉండేవి ఎనిమిది స్లాట్లు. అందులో ఒక్కో మెగాబైట్ ముక్కలు ఎనిమిదీ నింపేసినవాడు 8 మెగాబైట్లు దాటాలంటే, కనీసం నాలుగింటిని పీకేసి పక్కన పెట్టాల్సిందే. ఆ తర్వాత వచ్చిన 72 కాళ్ల సిమ్‌లు 486లో ఒకటి చొప్పున సరిపోయేవి. పెంటియం 64 బిట్‌లకు వెళ్లడంతో మళ్లీ జతలుగా కావాల్సి వచ్చింది. 168 కాళ్ల డిమ్‌లు వచ్చాకే ఒక్క ముక్క కొంటే చాలు అన్న హాయి దక్కింది. మెమరీ జతగా కొనడం అనే నియమం ఆ తర్వాత మరో కారణంతో తిరిగి వచ్చింది. దాని సంగతి చివర్లో.

పెంటియం కోసం వచ్చిన సాకెట్ 7 అప్‌గ్రేడ్ చరిత్రలో ఒక స్వర్ణయుగం. ఇంటెల్ పెంటియం, ఏఎండీ కే5, కే6, సిరిక్స్ 6ఎక్స్86 అన్నీ ఆ ఒక్క సాకెట్‌లోనే కూర్చున్నాయి. ఆఫీసు పనుల్లో సిరిక్స్ చిప్ పెంటియంతో సమానంగా పరుగెత్తేది, ధర తక్కువ. 1996 జూన్‌లో క్వేక్ వచ్చి ఆ లెక్క తారుమారు చేసింది. ఐడీ సాఫ్ట్‌వేర్‌లో మైకేల్ అబ్రాష్ ఆ ఆట గీసే పద్ధతిని పెంటియంలోని దశాంశాల విభాగానికి సరిగ్గా అతికేలా రాశాడు. గోడ మీది బొమ్మను దూరానికి తగ్గట్టు సరిచేయడానికి పదహారు పిక్సెళ్లకు ఒక భాగహారం కావాలి. పెంటియం ఆ భాగహారం ఒక పక్క చేస్తూనే మరో పక్క పిక్సెళ్లు గీసేది. సిరిక్స్ అలా చేయలేక వెనకబడింది. అంతవరకు ప్రాసెసర్‌కు ఒకే వేగం ఉంటుందని నమ్మిన కుర్రాళ్లకు, ఏ పనికి ఎంత వేగం అని విడిగా అడగాలని క్వేక్ నేర్పింది. చిప్ ఎంపికలో ఆ ప్రశ్న ఇప్పటికీ మారలేదు.

ఈ సాకెట్ కథలో పుణెలో పుట్టిన వినోద్ ధామ్‌కు రెండు వైపులా పాత్ర ఉంది. ఇంటెల్‌లో పెంటియం తయారీకి నాయకత్వం వహించి పేరు తెచ్చుకున్న ఆయన, తర్వాత నెక్స్‌జెన్ అనే చిన్న కంపెనీకి వెళ్లాడు. ఏఎండీ ఆ కంపెనీని కొనేసింది. నెక్స్‌జెన్ డిజైన్ నుంచే 1997 ఏప్రిల్‌లో కే6 పుట్టింది; అది ఇంటెల్ పెంటియం కోసం రూపొందించిన సాకెట్‌లోనే కూర్చుంది. మరుసటి నెలలోనే ఇంటెల్ పెంటియం 2తో పాటు స్లాట్ 1 అనే కొత్త తరహా పట్టును తెచ్చింది. చిప్ ఇప్పుడు నల్లని క్యాసెట్ లాంటి పెట్టెలో నిలువుగా దిగుతుంది. ఆ పట్టు మీద ఇంటెల్‌కు హక్కులున్నాయి కాబట్టి పోటీదారులు అందులో కూర్చోలేరు. ఉమ్మడి సాకెట్ కాలం అక్కడితో తీరింది. ఏఎండీ పాత సాకెట్‌నే 100 మెగాహెర్ట్జ్‌కు పెంచి, 1998లో కే6-2తో మరికొన్నేళ్లు లాగింది. పాత బోర్డు పెట్టుకున్నవాళ్లకు అది పెద్ద ఆసరా.

1998 ఆగస్టు 24 సంగతి వివరంగా చెప్పుకోవాలి. ఆ రోజు ఇంటెల్ విడుదల చేసిన చిప్‌లలో రెండింటి సంగతి ఇది. పెంటియం 2, 450 మెగాహెర్ట్జ్: ధర 669 డాలర్లు. సెలరాన్ 300ఏ: ధర 149 డాలర్లు. అంతకు నాలుగు నెలల ముందు వచ్చిన మొదటి సెలరాన్‌లో రెండో స్థాయి క్యాష్ (ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే చిన్న, వేగమైన మెమరీ) అసలే లేదు. దాన్ని అందరూ తీసిపారేశారు. ఆ చెడ్డపేరు పోగొట్టడానికి 300ఏలో 128 కిలోబైట్ల క్యాష్‌ను ప్రాసెసర్ ముక్క మీదే పెట్టారు. పెంటియం 2లో 512 కిలోబైట్లున్నా అది విడి చిప్‌లలో ఉండి సగం వేగంతో నడిచేది. సెలరాన్‌లోని చిన్న క్యాష్ మాత్రం ప్రాసెసర్‌తో సమానంగా పూర్తి వేగంతో నడిచింది.

300ఏ గుణకం 4.5 దగ్గర స్థిరం. బోర్డు 66 మెగాహెర్ట్జ్‌లో ఉంటే చిప్ 300లో నడుస్తుంది. బోర్డును 100కు మారిస్తే 450. ఆ చిప్‌లలో చాలా భాగం ఏ ఇబ్బందీ లేకుండా ఆ వేగాన్ని తట్టుకున్నాయి. ఏబిట్ కంపెనీ బీహెచ్6 బోర్డులో ఈ మార్పు బయోస్ తెర మీదే చేసుకోవచ్చు, జంపర్లు పీకే పని లేదు. ఆ సౌకర్యం లేని బోర్డు ఉన్నవాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. చిప్ అంచున బీ21 అనే ఒక్క పిన్ను మీద సన్నని టేపు ముక్క అతికించడం, లేదా నెయిల్ పాలిష్ పూయడం. ఆ పిన్ను తగలకపోతే, వచ్చింది 100 మెగాహెర్ట్జ్ చిప్ అనుకుని బోర్డు తానే వేగం పెంచేది. అక్క నెయిల్ పాలిష్ సీసాతో తమ్ముడు 300ని 450 చేసుకోగలిగిన కాలం అది. ఆటల్లో ఆ సెలరాన్ నాలుగున్నర రెట్ల ధర ఉన్న పెంటియం 2తో భుజం భుజం కలిపి పరుగెత్తింది. చవక చిప్‌లో దాగిన వేగాన్ని వెతికి తీయడం ఒక వ్యాపకంగా మారింది ఆ చిప్‌తోనే.

రెండేళ్లకు ఏఎండీ వంతు. 2000 జూన్‌లో వచ్చిన డ్యూరాన్, థండర్‌బర్డ్ చిప్‌ల పైభాగాన ఎల్1 అనే పేరుతో చిన్న బంగారు చుక్కల వరస ఉండేది. గుణకం మారకుండా ఫ్యాక్టరీలో ఆ చుక్కల మధ్య తీగలను తెంపేవారు. మెత్తని పెన్సిల్‌తో చుక్క నుంచి చుక్కకు గీత గీస్తే గ్రాఫైట్ కరెంటును మోసి, తాళం తెరుచుకునేది. గీత పక్క చుక్కకు తగలకుండా గీయాలి, అంతే కష్టం.

మెమరీ రంగంలో అదే కాలం అంత సరదాగా లేదు. ఇంటెల్ ర్యాంబస్ మెమరీని నెత్తిన పెట్టుకుంది. దాని ధర మామూలు ఎస్‌డీర్యామ్ కన్నా చాలా ఎక్కువ, పైగా ఖాళీ స్లాట్లను కూడా ఉత్తుత్తి ముక్కలతో నింపితే తప్ప కంప్యూటర్ లేవదు. 2000 నవంబరులో పెంటియం 4 దానితోనే వచ్చింది. కొనేవాళ్లు మొహం తిప్పుకోవడంతో ఇంటెల్ చివరికి డీడీఆర్‌కు దిగివచ్చింది. 1999 సెప్టెంబరు 21న తైవాన్ భూకంపంతో షించూ పారిశ్రామికవాడలో కరెంటు పోయి మెమరీ ధరలు మళ్లీ ఎగిశాయి. అన్ని పెరుగుదలలూ ప్రకృతి చేసినవి కావు. 1999 నుంచి 2002 వరకు మెమరీ కంపెనీలు కూడబలుక్కుని ధరలు నిర్ణయించాయని అమెరికా న్యాయశాఖ కేసు పెట్టింది. నేరం ఒప్పుకుని ఇన్ఫినియాన్ 16 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్లు, శాంసంగ్ 30 కోట్ల డాలర్లు జరిమానా కట్టాయి. కొందరు అధికారులు జైలుకు వెళ్లారు. ఆ మూడేళ్లలో ర్యామ్ కొన్న కుర్రాళ్ల జేబుల్లోంచి పోయింది నిజమైన డబ్బు. ఈ విషయం పాఠకులకు గుర్తుండాలి.

ఈ సరుకు తెలుగు నేలకు చేరిన దారి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. 1997లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరింది. దాని ప్రకారం కంప్యూటర్ విడిభాగాల మీద దిగుమతి సుంకాలు దశలవారీగా తగ్గి 2005కల్లా సున్నాకు వచ్చాయి. బ్రాండెడ్ కంప్యూటర్ అందని ఇళ్లకు అసెంబుల్డ్ సిస్టమ్ అందింది. దుకాణదారు కాగితం మీద ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, క్యాబినెట్, మానిటర్ అని వరసగా రాసి ఎదురుగా ధర వేస్తాడు. అదే కాగితం పట్టుకుని పక్క దుకాణానికి వెళ్లి బేరమాడతారు. రెండు మూడేళ్ల తర్వాత అదే దుకాణానికి వచ్చి, పాత ర్యామ్ ఇచ్చి తేడా కట్టి పెద్దది తీసుకుంటారు. సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది అన్న ఫిర్యాదుకు బ్రష్‌తో దుమ్ము దులిపి, ర్యామ్ ముక్క కాళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టడం ఇక్కడి కుర్రాళ్లు చేతిపనిగా నేర్చిన వైద్యం. చాలాసార్లు అది పనిచేసేది కూడా. ఇంటర్నెట్ కేఫ్‌లలో కౌంటర్ స్ట్రైక్ ఆడిన తరం ప్రాసెసర్ల పేర్లు నేర్చుకుంది చాలావరకు ఇలాంటి కౌంటర్ల దగ్గరే.

2004లో వచ్చిన ఎల్‌జీఏ 775 సాకెట్ పేరుకు ఒకటే అయినా, పెంటియం 4 నుంచి కోర్ 2 క్వాడ్ దాకా సాగిన దాని జీవితంలో బోర్డుకో తీరు. సాకెట్‌లో చిప్ పడుతుంది, బోర్డు మాత్రం దాన్ని గుర్తించదు. లేదా దానికి కావాల్సిన కరెంటు ఇవ్వలేదు. చిప్ పట్టినంత మాత్రాన పనిచేస్తుందని కాదు అన్న సంగతి అక్కడ చాలామందికి తెలిసొచ్చింది. అదే సాకెట్ మీద ఆఖరి రోజుల్లో ఒక మంచి చేతిపని పుట్టింది. సర్వర్లలోంచి తీసేసిన ఎల్‌జీఏ 771 జియాన్ చిప్‌లు కారుచవకగా దొరికేవి. వాటికీ 775కూ తేడా రెండు పిన్నుల తారుమారు, అంచున గాడుల చోటు. చిప్ అడుగున గోరంత స్టిక్కర్ అతికిస్తే ఆ రెండు పిన్నులూ చోటు మార్చుకుంటాయి. సాకెట్‌లోని రెండు ప్లాస్టిక్ మొనలను బ్లేడుతో కోసేస్తే చిప్ దిగుతుంది. 2007 నాటి బోర్డు ఆ స్టిక్కర్ పుణ్యాన మరో ఐదారేళ్లు ఆటలు ఆడించింది.

ఇంటెల్ ఆ తర్వాత సాకెట్లను తొందర తొందరగా మార్చింది: 2009లో 1156, 2011లో 1155, 2013లో 1150, 2015లో 1151. 2017 అక్టోబరులో వచ్చిన ఎనిమిదో తరం చిప్‌లు 1151 సాకెట్‌లోనే కూర్చునేవి, అయినా పాత 1151 బోర్డులతో పనిచేయవని కంపెనీ చెప్పింది. బయోస్ మార్చి, పిన్నుల మీద టేపు వేసి కొందరు ఆ చిప్‌లను పాత బోర్డుల మీద నడిపి చూపించారు. అది చూశాక, ఆ అడ్డుగోడ పూర్తిగా సాంకేతికమైనదని నమ్మడం కష్టం.

ఏఎండీ అదే ఏడాది మార్చి 2న రైజెన్‌ను ఏఎం4 సాకెట్‌తో తెచ్చి, 2020 వరకు ఈ సాకెట్‌ను వదలం అని మాట ఇచ్చింది. 1,331 పిన్నులున్న ఈ సాకెట్ మీద అమ్ముడైన బోర్డులు ఇప్పటికీ ఎన్నో ఇళ్లల్లో ఉన్నాయి. పాతబడ్డ గేమింగ్ కంప్యూటర్ అని ఇవాళ ఎవరైనా అంటే అది చాలాసార్లు ఇదే. మాట నిలబెట్టుకోవడం ఏఎండీకీ సులువు కాలేదు. బోర్డు మీది బయోస్ చిప్‌లో చోటు చాలామటుకు 16 మెగాబైట్లు. ఒక్కో కొత్త ప్రాసెసర్‌ను గుర్తించడానికి కొంత కోడ్ అందులో ఇమడాలి. చోటు చాలక కొన్ని బోర్డులు పాత చిప్‌ల మద్దతు తీసేసి కొత్తవాటికి ఇచ్చాయి. 2018లో కొత్త చిప్ కొని పాత బయోస్‌తో తెర వెలగక నిలిచిపోయినవాళ్లకు, ఏఎండీ ఒక చిన్న ప్రాసెసర్‌ను అరువు పంపింది. దానితో బయోస్ మార్చుకుని తిరిగి ఇచ్చేయాలి.

2020 మేలో పెద్ద గొడవ జరిగింది. రాబోయే రైజెన్ 5000 చిప్‌లు బీ450, ఎక్స్470 బోర్డులపై పనిచేయవని ఏఎండీ ప్రకటించింది. 2020 వరకు సాకెట్‌ను వదలం అన్న మాట నమ్మి బోర్డులు కొన్నవాళ్లు గట్టిగా నిలదీశారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. 2022లో మొదటి తరం బోర్డులకు కూడా ఆ చిప్‌లు వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్ 20న విడుదలైన రైజెన్ 7 5800ఎక్స్3డి, 2017 నాటి బోర్డు మీద కూర్చుని ఆ రోజుకు ఆటల్లో అత్యంత వేగవంతమైన చిప్‌లతో పోటీపడింది. మామూలు 32 మెగాబైట్ల క్యాష్ మీద మరో 64 మెగాబైట్ల ముక్కను అంతస్తులా అతికించడమే దాని రహస్యం. ఆటలు మెమరీ కోసం ఎదురుచూసే సమయం తగ్గుతుంది. సెలరాన్ 300ఏ పాఠం ఇంత పెద్ద ఎత్తున తిరిగి రావడం ఎంతో సంతోషం కలిగించే విషయం: ఆటలకు కావాల్సింది దగ్గరగా ఉన్న మెమరీ.

మొదటి తరం రైజెన్ 5 1600 పెట్టుకుని, అడపాదడపా ఆగిపోతున్న ఆటలతో సతమతమయ్యే ఇంటిని తీసుకుందాం. ముందు లోపం ఎక్కడుందో తేలాలి. ఆటలో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడాలి; ఫ్రేముల సంఖ్య పెరగకపోతే అడ్డు పడుతున్నది ప్రాసెసర్ లేదా మెమరీ, పెరిగితే గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసరే అని తేలితే బోర్డు తయారీదారు ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో కొత్త చిప్ ఉందో లేదో, దానికి ఏ బయోస్ కావాలో చూడాలి. ఆ బయోస్‌ను పాత చిప్ ఉండగానే ఎక్కించాలి. కరెంటు విభాగం మీద హీట్‌సింక్ కూడా లేని చవక బోర్డు అయితే, 105 వాట్ల ఎక్స్3డి చిప్‌ల జోలికి వెళ్లకుండా 65 వాట్ల రైజెన్ 5 5600 తీసుకోవడం మంచిది. పాత 1600తో పోలిస్తే అదే పెద్ద మెట్టు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) మీద మాత్రం ఈ కొత్త భారం మోపకూడదు.

కూలర్ విప్పేటప్పుడు జాగ్రత్త. ఏఎం4లో పిన్నులు చిప్‌కే ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండిన థర్మల్ పేస్టు జిగురులా పట్టేసి, కూలర్ లాగగానే మీట దించి ఉన్నా చిప్ కూడా సాకెట్ లోంచి ఊడి వచ్చేస్తుంది. పిన్నులు వంగడం అక్కడే. విప్పే ముందు ఓ పావుగంట ఆట నడిపి పేస్టును వేడెక్కించి, కంప్యూటర్ ఆపి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి పట్టు వదిలాక ఎత్తాలి. పాత చిప్ చెక్కుచెదరకుండా చేతికొస్తే దానికీ కొంత ధర పలుకుతుంది.

విండోస్ 11 కోసం ప్రాసెసర్ మార్చినవాళ్లూ తక్కువ కాదు. 2021లో వచ్చిన ఆ సిస్టమ్ జాబితాలో మొదటి తరం రైజెన్‌లు లేవు, రెండో తరం నుంచే ఉన్నాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఏఎం4 యజమాని చిప్ ఒక్కటి మార్చి గట్టెక్కాడు. ఇంటెల్ ఆరో, ఏడో తరం యజమానికి మాత్రం చాలాసార్లు బోర్డుతో సహా మార్చక తప్పలేదు.

ఇక మెమరీ. రెండు ఛానెళ్లున్న బోర్డులో ఒకే 16 గిగాబైట్ల ముక్క పెట్టడం కన్నా 8 గిగాబైట్లవి రెండు పెట్టడం మేలు. సమాచారం రెండు దారుల్లో నడుస్తుంది. నాలుగు స్లాట్లుంటే, ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. రైజెన్‌లో చిప్ లోపలి భాగాలను కలిపే దారి మెమరీ వేగంతోనే ముడిపడి నడుస్తుంది కాబట్టి, నెమ్మది ర్యామ్ మొత్తం ప్రాసెసర్‌నే వెనక్కి లాగుతుంది. 3,200 అని అచ్చు వేసిన ముక్కలు కొని, బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే మెమరీ వేగం సెట్టింగ్ ఆన్ చేయక ఏళ్ల తరబడి 2,133 దగ్గరే నడుపుతున్న కంప్యూటర్లు ఎన్నో. పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్ అది. ఉన్న రెండు ముక్కలకు మరో కంపెనీవి రెండు కలిపితే వేగం తగ్గించాల్సి రావచ్చు. మొదటి తరం రైజెన్‌లో ఒక వరస (సింగిల్ ర్యాంక్) ముక్కలు రెండు పెడితే అధికారిక వేగం 2,667, రెండు వరసల (డ్యూయల్ ర్యాంక్) ముక్కలు నాలుగు పెడితే 1,866 మాత్రమే. కొత్తగా కొనేవాళ్లు ఒకే పెట్టెలో వచ్చే జత తీసుకుని, పాతవి అమ్మేయడమే నయం. 5800ఎక్స్3డి లాంటి చిప్ వేసినవాళ్లకు మెమరీ వేగం అంత పట్టింపు కాదు. పెద్ద క్యాష్ ఆ లోటు పూడుస్తుంది. ఆ డబ్బును వేగానికి కాకుండా పరిమాణానికి పెట్టొచ్చు.

ఈ లెక్క 2025లో మళ్లీ మారింది. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ కంపెనీలు కృత్రిమ మేధ డేటా సెంటర్లకు కావాల్సిన మెమరీ వైపు మొగ్గి, పాత డీడీఆర్4 తయారీని తగ్గించాయి. ఏడాది చివరికి డీడీఆర్4, డీడీఆర్5 రెండింటి ధరలూ బాగా పెరిగాయి. మామూలు కొనుగోలుదారులకు 1996 నుంచి ర్యామ్ అమ్ముతున్న క్రూషియల్ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు డిసెంబరులో మైక్రాన్ ప్రకటించింది. బోర్డు, ప్రాసెసర్, డీడీఆర్5 మూడూ కలిపి కొత్తవి కొనాలని అనుకున్నవాళ్లు వెనకాడుతున్నారు. 16 గిగాబైట్ల డీడీఆర్4 చేతిలో ఉన్నవాళ్లు ప్రాసెసర్ మాత్రమే మార్చుకుని, మెమరీ ధర దిగేవరకు ఆ జతతోనే ఆడుకుంటున్నారు. 5800ఎక్స్3డి తయారీ ఆగిపోయింది కాబట్టి దాన్ని సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నారు; అమ్మేవాడి దగ్గర కంప్యూటర్‌లో పెట్టి నడిపి చూశాకే, పిన్నులు ఒక్కొక్క వరసా వెలుతురులో సరిచూసుకున్నాకే డబ్బు చేతికిస్తున్నారు.